కూలబోయే ఇంట్లో టీ

లోకంలో ఉన్న ఇంటికప్పులన్నీ తన నెత్తిన కూలడానికే కాచుకుని ఉన్నాయని భీమశంకరం గారికి గట్టి నమ్మకం. నలభై ఏళ్లు బిల్డింగులు డిజైన్ చేసి రిటైరైన ఇంజినీరు కాబట్టి, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. స్నేహితుడు మూర్తి గారి గృహప్రవేశానికి వెళ్లి, చేతికర్రతో సీలింగు తట్టి చూసి, పులిహోర ప్లేటుతో బయటికొచ్చి వానలో నిలబడి తిన్నారు. మూర్తి గారి భార్య హైమ నెలరోజులు నిద్రపోలేదు.

అలాంటి మనిషి అమెరికాలో బెంటన్‌విల్ ఊరి శివార్లలోని పాత చెక్క ఇళ్ల దగ్గర వాలంటీరు. నూటయాభై ఏళ్ల కిందట అడవి కొట్టుకుంటూ వచ్చిన ఒక కుటుంబం కట్టుకున్న ఇళ్లవి, రెండు. ఇప్పుడు మ్యూజియం. శనివారం మూడు కాగానే ఆయన వెనకింటి గుమ్మానికి తాడు కట్టి, దూలం మీద కర్రతో తట్టి, జనంతో ఇంగ్లీషులో అంటారు: "విన్నారా? ఇంక ఎక్కువ రోజులు లేదు." జనం కార్లవైపు నడుస్తారు. ఆ తర్వాత గంటసేపు ఆయన కూడా కనబడరు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న స్మృతి ఎమ్మెస్ స్టూడెంటు, పుట్టు పిరికిది. మూడు వారాలకే, కప్పు కూలితే బయటికి దూకడానికి వీలుగా తన మంచాన్ని కిటికీ పక్కకి జరుపుకుంది.

ఆ శనివారం గాలి విపరీతంగా వీస్తోంది. తాడు కట్టిన ఇంట్లోంచి కిర్రు కిర్రుమని చప్పుడు. ఎవరో లోపలికి దూరారు! అంకుల్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్మృతి పారిపోదామనే అనుకుంది. కానీ కప్పు కూలితే లోపలున్న మనిషి ప్రాణం పోతుంది. బ్యాక్‌ప్యాక్ నెత్తిన పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని తలుపు తోసింది.

ఊగుడు కుర్చీలో ఒక అమెరికన్ ముసలావిడ. ఎదురుగా, సరిగ్గా ఆ దూలం కిందే, స్టూలు మీద భీమశంకరం గారు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నారు.

"అంకుల్, కప్పు..."

"ఏం కాదమ్మా. ఆ దూలం నేనే దగ్గరుండి మార్పించాను. ఇంకో వందేళ్లు ఢోకా లేదు."

ఆవిడ పేరు ఎడిత్ అట, ఈ ఇల్లు కట్టినవాళ్ల మునిమనవరాలు. తొంభై ఒక్కేళ్ల కిందట ఈ గదిలోనే పుట్టింది. కుర్చీ వాళ్లమ్మది. మ్యూజియం వస్తువుల మీద ఎవరూ కూర్చోకూడదని కమిటీ రూలు, అడిగితే ఆవిడకీ వద్దన్నారు.

"అందుకని వారానికో గంట ఇల్లు కూలగొడుతున్నాను," అన్నారాయన.

అంటూనే ఓరకంట దూలాన్ని చూసుకున్నారు.

"మరి మీకు భయం లేదా అంకుల్?"

"ఎందుకు లేదూ? ఆవిణ్ణి ఒక్కర్నే ఎలా కూర్చోబెట్టను?"

బయట కారు తలుపులు వేసిన చప్పుడైంది. స్మృతి కర్ర అందుకుని బయటికెళ్లి, తలుపు దగ్గరగా వేసింది. తాడు బిగించి, చూరు మీద టకటకా తట్టింది.

"విన్నారా? ఇంక ఎక్కువ రోజులు లేదు," అంది ఇంగ్లీషులో, ఎంత గంభీరంగానంటే, వచ్చినవాళ్లు కారెక్కేశారు.

లోపల భీమశంకరం గారు ఉలిక్కిపడి పైకి చూసి, స్టూలు కాస్త పక్కకి జరుపుకున్నారు.