వెనక నుంచి పిలిస్తే పలకని రాజేశం మామ

నేను రాసినదానికి ఎవరూ జవాబివ్వరు. మా ప్రొఫెసర్ గారికి రెండు నెలల్లో నాలుగు ఈమెయిళ్లు పంపాను. నాలుగింటిలోనూ ఒకటే ప్రశ్న. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికీ లేదు. మూడోది పంపాక సెలవుల జాబితా వచ్చింది కానీ అది అందరికీ వచ్చింది కాబట్టి జవాబు కింద రాదు. నాలుగోది పంపి, ఇప్పుడు ల్యాబులో సర్వర్ల గదికి ఆనుకుని ఉన్న నా బల్ల దగ్గర కూర్చున్నాను. గోడలోంచి ఫ్యాన్ల హోరు వస్తోంది. తోటి పరిశోధకులు ఆ చప్పుడు భరించలేక చెవుల్లో దూది పెట్టుకుంటారు. నాకు మాత్రం అందులో భివండీలోని మా నార్పోలి సాంచలు వినిపిస్తాయి. సాంచ అంటే మరమగ్గం. సాంచలు వినిపిస్తే రాజేశం మామ గుర్తొస్తాడు. నన్ను పట్టించుకోని వాళ్ల జాబితా ఒకటి నా మనసులో ఉంది. అందులో మొదటి పేరు ఆయనదే.

రాజేశం మామ మాకు చుట్టం కాదు, పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండేవాడు. కుర్రతనంలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ఒక కార్ఖానాలో సాంచలు బాగుచేసే మిస్త్రీగా స్థిరపడ్డాడు. మా నాన్నది కాశేలి గోదాముల్లో పని. మా ఇంట్లో ఎవరూ సాంచల మధ్య పనిచేసి ఎరగరు. మా గల్లీ అంతటికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియకపోవడానికి అదే కారణం.

ఏడో తరగతిలో, మరాఠీ బడిలో ఫస్టొచ్చిన రోజు, పేడాల పొట్లం పట్టుకుని ఆయన వెనకాల పరుగెత్తాను. "మామా! ఓ మామా! ఫస్టొచ్చిన!" అని గల్లీ చివరిదాకా అరిచాను. ఆయన తల కూడా తిప్పకుండా కార్ఖానాలోకి వెళ్లిపోయాడు. పేడాలన్నీ నేనే తిన్నాను. మరోసారి ఒక పెళ్లిలో ఆయన సాంబారు బకెట్టుతో నన్ను దాటి పోతుంటే మూడుసార్లు పిలిచాను. ముందు వరుసలో కూర్చున్నవాడు నోరు విప్పకుండా చెయ్యి ఊపాడు, వాడికి రెండు గరిటెలు పడ్డాయి. నేను వట్టి అన్నం తిని లేచాను. పిలిచినా పలకని మనిషి ముందుకు వెళ్లి నిలబడటం నా స్వభావం కాదు. నాకూ ఒక మర్యాద ఉంది.

ఎదురుపడితే మాత్రం ఆయనంత ప్రేమగా మాట్లాడేవాడు లేడు. బడి లేని రోజుల్లో నన్ను కార్ఖానాకు తీసుకెళ్లేవాడు. ఒకరోజు ఒక పనివాడు తప్పుపడిన గుడ్డను కత్తిరించి మూల దాచాడు. మామ దాన్ని బయటికి లాగి వాడి ముందు పరిచాడు.

"తప్పు వడ్డ బట్టను కోసి దాస్తె సాంచ బాగైతదారా? యాడ ఖరాబున్నదో గదే చెప్తది. గిది పారెయ్యకు, నా ముంగట వెట్టు."

ఆ తిట్టు నాకు కాదు. అందుకే కాబోలు, నేను దాన్ని ఒంటబట్టించుకోలేదు.

తర్వాత నేను హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీకి చేరాను. సాంచల చప్పుడు పనివాళ్ల చెవులను ఎంత పాడుచేస్తోందో తేల్చడం నా అంశం. బయో ఇన్ఫర్మాటిక్స్ చేస్తున్న స్నేహల్ నాకు తోడు వచ్చింది. పద్ధతి సులువు. పనివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మామూలు గొంతుతో ఇరవై ప్రశ్నలు అడగాలి, వినబడని వాళ్లను యంత్రంతో పరీక్షకు పంపాలి. పంపడానికి మనిషి దొరికితే కదా! ముప్పై ఏళ్లు సాంచల మధ్య బతికినవాళ్లు కూడా ఇరవైకి ఇరవై చెప్పారు. ఒక్క రెండు రోజులు మాత్రం అందరూ తెల్లమొహం వేశారు. పత్తి ధూళికి తుమ్ములు పట్టుకుని, మాస్కు పెట్టుకుని స్నేహల్ ప్రశ్నలడిగిన రోజులవి.

"నీ హిందీ వాళ్లకు అర్థం కాలేదు" అన్నాను.

"నా హిందీకేం? నీ ప్రశ్నలే బాగాలేవు" అంది.

పోట్లాట తేలక, ఆ రెండు రోజుల డేటాను తీసేశాం. మా ప్రోగ్రాం హాయిగా నడిచింది. ప్రొఫెసర్ గారు "చక్కటి డేటా" అన్నారు. చెవి బిరడాలు కొనాల్సిన పని తప్పిందని కార్ఖానా సేఠ్ అందరికంటే ఎక్కువ సంతోషించాడు.

ఆ సంగతే మామ గడప మీద కూర్చుని, చాయ్ తాగుతూ చెప్పాను.

"మీ అందరి చెవులు మంచిగున్నయి మామా. నీకు ఇరవైకి ఇరవై."

ఆయన నవ్విన నవ్వుకు చాయ్ ఒలికింది. నా పాత కోపం లేచింది.

"గంత మంచి చెవులు వెట్టుకోని, ఏడో తరగతిల పేడాలు తెస్తె ఎందుకు పలకలె?"

"ఎన్నడు పిల్చినవ్‌రా?"

"నీ ఎన్కనే ఉరికొచ్చిన. గల్లీ గల్లీ ఇన్నది!"

మామ కప్పు కింద పెట్టాడు. "ఎన్కకెళ్లి పిలిస్తె నాకెట్ల ఎర్కైతది? నీ మొకం కనవడాలె గద. నా చెవులు వోయి శాన ఏండ్లాయె."

"మరి ఇప్పుడు మాట్లాడుతున్నవ్ గద!"

"నీ పెదవులు సూస్తున్న బిడ్డా. సాంచల నడుమ ఎవనికి ఇనవడ్తది? అందరం గట్లనే మాట్లాడుకుంటం. గా పోరి మూతికి గుడ్డ కట్టుకోనొచ్చిన నాడే, ఏమడిగిందో ఎవ్వనికి సమజ్ కాలె."

నేను ఆ రెండు రోజుల లెక్క ఏమైందో చెప్పాల్సి వచ్చింది.

"కోసి పారేసినవా?" అన్నాడు. "గా దినం నీ ముంగట్నే జెప్పినా కోసి పారేసినవా?"

మర్నాడు ఆయనే స్నేహల్‌ను పనివాళ్ల వెనక నిలబెట్టి, "ఇప్పుడు పూఛో బేటీ" అన్నాడు. స్నేహల్ అడుగుతూనే ఉంది, పనివాళ్లు ఎదురు గోడను చూస్తూ కూర్చున్నారు. ఒక ముసలాయన మధ్యలో బీడీ వెలిగించాడు. మేం పారేసిన రెండు రోజుల డేటా ఒక్కటే నిజమని తేలింది. స్నేహల్ వారం పాటు నా మొహం చూడకుండా మాట్లాడింది. తన హిందీని అన్నందుకట.

ఆ ఆదివారం నిజాంపురాలో పేడాలు కొని, ఈసారి మామ ముందుకు వెళ్లి నిలబడ్డాను. "ఇన్నేండ్లకు తెచ్చినవా?" అని రెండు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

"నువ్వు రాసేదాంట్ల నా పేరు రాస్తవా?"

"రాస్త మామా. మా పేర్ల పక్కనే."

చెవులతో విన్న మాటైతే పొరపాటుగా విన్నాడని నేను తప్పించుకోవచ్చు. నా పెదాల మీద చదువుకున్న మాట అది. నిరుడు వానల్లో ఆయన పోయాడు. పాడె వెనక నడుస్తూ, అలవాటుగా ఒకసారి "మామా" అన్నాను. ఈసారి కోపం రాలేదు.

మా పరిశోధన పత్రం ఇప్పుడు ప్రొఫెసర్ గారి దగ్గర ఉంది. రచయితల వరుసలో ఆయనదీ, నాదీ, స్నేహల్‌దీ పేర్లున్నాయి. నాలుగోదైన మామ పేరు ఆయన కొట్టేశారు. "చదువులేని మిస్త్రీ కదా, చివర్లో కృతజ్ఞతలు చెబుదాం" అని ఒకసారి నడుస్తూ అన్నారు. అప్పటి నుంచి మౌనం. ఒకప్పుడైతే ఆయన పేరునూ నా జాబితాలో రాసుకుని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు అలా ఊరుకోలేను. పలకని మనిషిని తిట్టుకునే ముందు ఆయన ఎదుటికి వెళ్లాలని మామ దగ్గర నేర్చుకున్నాను.

కాబట్టి సర్, ఐదో ఈమెయిల్ రాయను. సోమవారం పొద్దున మీ బల్ల ముందు కుర్చీలో కూర్చుంటాను. మూతికి మాస్కు ఉండదు. తప్పును కనిపెట్టినవాడి పేరు ఆ వరుసలో ఉంటుందా, ఉండదా? పెదాలు బాగా కదిలిస్తూ, నెమ్మదిగా అడుగుతాను. నా మొహం చూసి జవాబు చెప్పండి.