తువ్వాల కింద మాట

దాదాపీర్‌కు నమ్మకమనే జబ్బు ఏనాడూ లేదు. పాలు పోసేవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు, చేసే పని అలాంటిది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పశువుల సంతల్లో ఆయన దళారి. తువ్వాల కిందికి రెండు చేతులు పోతాయి, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు, పక్కనున్నవాడికి ఏమీ అంతుబట్టదు. నోరు విప్పాల్సి వస్తే దళారులకు సొంత మాటలున్నాయి. రైతు ఎదురుగానే, "ఈ ఎద్దు కుంటిది, వీనికి తెలీదు" అని ఆ మాటల్లో చెప్పుకుని, అదే రైతు వైపు తిరిగి పళ్లికిలించగల ఘనులు!

అందుకే దాదాపీర్ లెక్క ఒకటే. నలుగురిలో ఎవరికీ తెలియని మాట మాట్లాడేవాడు ఎవడినో ముంచుతున్నట్టే.

అలాంటి మనిషి ఇంట్లో, కూతురు తహసీన్ చెవుల్లో వైర్లు పెట్టుకుని, వాకిలి ఊడుస్తూ, "జ వే, తు వా, ఎల్ వా" అని గొణుగుతుంటే ఊరుకుంటాడా?

"ఏందీ అది?"

"ఫ్రెంచి, నాయనా. 'అలే' అని ఒక క్రియ. అలే అంటే పోవడం. నేను పోతాను, నువ్వు పోతావు, ఆమె పోతుంది... అట్లా."

దాదాపీర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. యాడికి పోవడం? ఎవనితో పోవడం? గడప దాటేటప్పుడు ఎవరైనా "పోయొస్తా" అంటారు. ఈ పిల్ల రావడం మాటే ఎత్తకుండా ఒట్టి పోవడమే వల్లె వేస్తోందే! పైగా ఆ మాట మనిషి మనిషికీ రూపు మారుస్తోంది. సంతమాట ఎవడైనా కనిపెడితే దళారులు చేసేదీ అదే, టక్కున మాట మార్చేస్తారు. తాను దొంగైతే పరుల నమ్మడని ఊరికే అన్నారా!

"పరీక్ష పాసైతే హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగమంట. నంద్యాలకు పోయి నేర్చుకుంటాంది, నీకేం నొప్పి?" అంది భార్య బీజాన్.

"నీకేం తెల్సు, ఊరుకో. పళ్లు చూడంది ఎద్దును కొననోన్ని నేను."

ఆయన తొందరకు ఇంకో కారణముంది. తోటి దళారి అన్వర్ ఉయ్యాలవాడ నుంచి తహసీన్‌కు సంబంధం తెచ్చాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తహసీన్ ఇచ్చిన టీ తాగుతూనే ఇద్దరూ సంతమాటల్లో అంతా మాట్లాడుకున్నారు. ఈలోపల పిల్ల ఎవడితోనైనా లేచిపోతే పరువేం కావాలి? చదువు మాన్పించి ముందు నిఖా చేసేయాలి. అయితే దొంగను చేతికి చిక్కించుకోవాలి గదా!

మర్నాడు తహసీన్ ఎక్కిన నంద్యాల బస్సే ఎక్కి, తల మీదుగా తువ్వాల కప్పుకుని వెనక సీట్లో నక్కాడు. ఆమె దిగి మందుల షాపు పక్కనున్న మెట్లెక్కింది. ఈయన పిల్లిలా వెనకాలే ఎక్కి కిటికీలోంచి తొంగి చూశాడు. ఒక్క మగపిల్లవాడు లేడు. అంతా ఆడపిల్లలే. ఉమామహేశ్వరమ్మ అనే పెద్ద టీచరు బల్ల మీద తాళం వేస్తుంటే అందరూ ఒక్క గొంతుతో, "నుజలాన్, మేము పోతాము. వుజలే, మీరు పోతారు" అంటున్నారు.

వేరేవాడైతే ఊపిరి పీల్చుకునేవాడు. దాదాపీర్ మాత్రం, ఓరి నాయనో, ఇంతమందీ కలిసే పోతాండారా, అనుకున్నాడు.

తహసీన్ కిటికీలో తువ్వాల చూసింది. లేచి బయటికొచ్చింది.

"యాడికి పోదామని ఈ పాట?" గుడ్లురిమాడు దాదాపీర్.

"ఉద్యోగానికి. చెప్పే పోతా. నా మాటకు అర్థం నువ్వు అడిగినావు, నేను చెప్పినా. మరి మీ మాటకో?"

"మాదేంది?"

తహసీన్ ఆయన కళ్లలోకి చూస్తూ సంతమాటల్లో గడగడా చెప్పింది. ఒక్క పలుకు తప్పు పోలేదు. ఆయన అన్వర్‌తో అన్న మాటలే అవి. ఆ తర్వాత తెలుగులో అంది, "పెయ్య సాధువైందే, పరీక్ష లోపలే ఉయ్యాలవాడకు తోలేద్దాం. ఇంతే గదా నువ్వన్నది?"

దాదాపీర్ తల మీది తువ్వాల తీసేశాడు. సంతమాటల్లో ఎద్దుంది, ఆవుంది, పెయ్యుంది. కూతురు అనే మాట లేదు. అందుకే పెయ్య అన్నాడు. అన్నప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ మాట బిడ్డ నోట వింటుంటే తల కొట్టేసినట్టయింది.

"ఎప్పుడు నేర్చుకుంటివే?"

"చిన్నప్పుడు భుజాన ఎత్తుకొని సంతకు తీసుకపోతాంటివి గదా. ఎవరికన్నా చెప్పినానా నాయనా?" అని మళ్లీ క్లాసులోకి వెళ్లిపోయింది.

సాయంత్రం అన్వర్ వచ్చాడు. తహసీన్ టీ తెచ్చింది. ఆమె ఎదుటే అన్వర్ సంతమాటల్లో మొదలుపెట్టి, పని తేల్చేద్దామని దాదాపీర్ ఒళ్లో ఉన్న తువ్వాల కిందికి చెయ్యి చాపాడు.

దాదాపీర్ తువ్వాల లాగి భుజాన వేసుకున్నాడు.

"తెలుగులో అడుగప్పా. నన్ను గాదు, పాపనడుగు."

అన్వర్ తహసీన్ వైపు తిరిగాడు. నోరైతే తెరిచాడు గానీ, ఆ మాట ఆమెను అడగడానికి ఒక్క తెలుగు ముక్కా దొరకలేదు.