గంగక్క దిష్టి కుట్టు

బాగలూరు రోడ్డులో మనోరమ నడిపే గార్మెంట్ యూనిట్‌లో కాలర్ అంటే గంగక్కే. ఇరవై రెండేళ్లుగా చొక్కా మెడలు కుడుతున్న మనిషి. ఎదుటివాళ్ల కాలర్ వంకరగా ఉంటే వాళ్లు చెప్పే మాట ఆమె చెవికెక్కదు. కూతురి పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయిని కూడా ముందు మెడ చూశాకే మొహం చూసిందని తోటివాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఆమెకో అలవాటుంది. కొత్త ఆర్డర్ వచ్చినా, కొత్త మిషన్ ముందు కూర్చున్నా, మొదటి కాలర్ లోపలి పక్కన కావాలనే ఒక్క కుట్టు వంకరగా వేస్తుంది. ఆ మొదటి పీసు నమూనాగా లోపలే ఉండిపోతుంది, బయటికి పోదు కాబట్టి మనోరమ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. రాయకోట దగ్గర గొర్రెలు కాసుకుంటూ కంబళ్లు నేసిన గంగక్క నాన్న లక్ష్మణప్ప, ప్రతి కంబళికీ కింది మూలలో ఒక పోగు తప్పు వేసేవాడు. "తప్పులేని పనికి దిష్టి తగులుతాది అమ్మణ్ణీ" అనేవాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి అదే.

రెండేళ్లుగా బయటి దేశాల ఆర్డర్లు తగ్గి యూనిట్ నీరసించిపోయింది. ఎనభై మిషన్లలో సగం గుడ్డ కప్పుకుని పడుకున్నాయి. అలాంటప్పుడు ప్రభుత్వం సాయం చేస్తానంది. కొత్త మిషన్లు ఇస్తుంది, కొత్తవాళ్లకు పని నేర్పే ఖర్చూ ఇస్తుంది. మెలిక ఒక్కటే, నేర్పే మనిషికి పరీక్షలో నెగ్గిన సర్టిఫికెట్ ఉండాలి. గడువు నెలాఖరు. సాయం రాకపోతే యూనిట్‌కు తాళమే, మిగిలిన నలభై మంది ఆడవాళ్లు ఇంటిదారి పట్టాల్సిందే.

"నువ్వే పోవాల గంగక్కా," అంది మనోరమ.

"నాకు చదువు యాడుంది మేడమ్? సంతకం తప్ప ఏమీ రాదు."

"పరీక్ష కాగితం మీద కాదక్కా, గుడ్డ మీద."

కృష్ణగిరిలో పరీక్ష. కొత్త మిషన్, రెండు కాలర్లు, గంట టైము. గంగక్క అరగంటలో ముగించి చేతులు కట్టుకుని కూర్చుంది. పరీక్ష పెట్టే ఆంజినప్ప మొదటి కాలర్ తిప్పి చూసి మొహం ముడిచాడు.

"ఇదేందమ్మా, ఈడ కుట్టు వంకర పోయింది?"

అలవాటుకొద్దీ పరీక్షలోనూ వేసేసింది మహాతల్లి!

"అది పోలేదు సారూ, నేనే పోనిచ్చినాను. దిష్టికి. రెండోది చూడండి."

రెండోదాన్ని ఎంత వెతికినా ఆయనకు తప్పు దొరకలేదు. నవ్వొచ్చింది, కానీ పెన్ను కదల్లేదు.

"నేను నమ్మినా నా ఫారం నమ్మదు కదమ్మా. తప్పుంటే ఫెయిలే. ఇంకా టైముండాది, విప్పి కుట్టేయ్."

గంగక్క ఆ కాలర్ చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్లలో ఆ కుట్టు ఒక్కసారి కూడా విప్పలేదు. విప్పితే నాన్న మాట తీసి పారేసినట్టే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలో మధ్యాహ్నం వరసగా కూర్చుని డబ్బాలు విప్పుకునే నలభై మందీ గుర్తొచ్చారు.

"విప్పుతాను సారూ. దిష్టి తగిలితే నాకు తగలనీ. వాళ్ల కూటికి తగలకూడదు."

విప్పింది. గీత గీసినట్టు కుట్టింది. ఆయన నిండా మార్కులు వేశాడు.

నెల తిరిగేసరికి సాయం మంజూరైంది, కొత్త మిషన్లు దిగాయి. నేర్చుకోవడానికి పన్నెండు మంది చేరారు. అందరి ముందూ మనోరమ సర్టిఫికెట్‌ను అద్దం ఫ్రేములో బిగించబోయింది.

"ఉండండి మేడమ్." గంగక్క జాకెట్టు అంచున గుచ్చుకున్న సూది తీసి, ఆ కాగితం కింది మూలలో నల్లదారంతో ఒక వంకర కుట్టు వేసింది.

"అయ్యో! అది గవర్నమెంటు కాగితం అక్కా!"

"గవర్నమెంటుదైతే మాత్రం దిష్టి తగలదా? పేరు నాది కదా," అంది గంగక్క తలెత్తి. "ఇప్పుడు తగిలించండి గోడకు."