హద్దు దాటిన కిలోమీటర్లు

పరమేశ్వర్‌ది నారాయణపేట. ఇంట్లో అందరూ నేతవాళ్లే అయినా అతనికి మగ్గం అచ్చిరాలేదు, కూర్చుంటే పోగులు తెగేవి. తల్లి చనిపోయాక అతన్ని సాకింది అక్క మల్లమ్మ. చీరలు నేసి తమ్ముడికి డ్రైవింగ్ నేర్పించింది కూడా ఆమే. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వకుండా ఆ గుంత మగ్గంలోనే ఏళ్లకేళ్లు గడిపింది.

లారీలు, ట్యాక్సీలు తోలి తోలి పరమేశ్వర్ చివరికి చౌటుప్పల్ దగ్గర కమలాకర్ సార్ ఫామ్‌హౌస్‌లో డ్రైవరుగా కుదిరాడు. కమలాకర్‌ది ప్లాట్ల వ్యాపారం. ఉండేది హైదరాబాద్‌లో. ఫామ్‌హౌస్ షెడ్డులో ఆయన మోజుపడి కొన్న పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు. నడుము ఎత్తు కూడా ఉండదు. స్టార్ట్ చేస్తే ఆ చప్పుడుకు వీధికుక్కలు పరుగు లంకించుకునేవి. ఇంట్లో భార్యకు ఆ బండి పొడ గిట్టదు, అందుకే అది గుడ్డ కప్పుకుని షెడ్డులో పడి ఉండేది.

"వారానికోసారి తీసి టోల్‌గేట్ దాక తిప్పు పరమేశ్. లేకుంటే బ్యాటరీ పోతది" అని సార్ చెప్పాడు. ఇచ్చిన పని అంతవరకే.

మల్లమ్మకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన రోజు పరమేశ్వర్ ఆమెను నారాయణపేట నుంచి తనతో తెచ్చుకున్నాడు. ఫామ్‌హౌస్ వెనక రెండు గదుల ఇంట్లో అక్కాతమ్ముళ్లు ఉండేవారు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. దగ్గర దవాఖానలో బెడ్డు ఖాళీ లేదని, పేరు రాసుకుంటామని అన్నారు. అప్పటిదాకా హైదరాబాద్ పోవాల్సిందే. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ నిలబడే జాగా కూడా ఉండేది కాదు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో ఎవరి మోచెయ్యో తగిలి, మల్లమ్మ చేతికి సూది గుచ్చిన చోట కట్టు ఊడిపోయింది. నెత్తురు చీర కొంగంతా పాకింది. ఎల్బీనగర్ బస్టాపులో ఆమె కళ్లు తేలేసింది. పరమేశ్వర్ రెండు చేతులతో ఆ గాయాన్ని అదిమిపట్టి నడిరోడ్డు మీద అరిచాడు.

తర్వాత డయాలసిస్ రోజు ఎట్లాగూ బండి తిప్పాల్సిన రోజే అయింది. అతను గుడ్డ తీసి, అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"ఎవల్దిరా గీ బండి?"

"సార్‌దే అక్కా. తిప్పుమన్నడు."

మల్లమ్మ కాళ్లు ముందుకు చాపి, కొంగు తలమీదికి లాక్కుని చుట్టూ చూసింది. "మగ్గం గుంతల కూసున్నట్టే ఉందిరా" అని నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

ఒక్కసారి అనుకున్నది రెండోసారి అయింది, తర్వాత అలవాటైంది. సార్ పాలమూరు దగ్గర కొత్త వెంచర్ పనుల్లో మునిగి ఫామ్‌హౌస్ మొహం చూడలేదు. పెట్రోలు పరమేశ్వర్ తన జీతంలోంచే పోసేవాడు. దాంతో తనకు తాను సర్దిచెప్పుకున్నాడు, ఎవరి సొత్తూ తినడం లేదు కదా అని. నాలుగైదు నెలలు అట్లా గడిచిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం ఇన్సూరెన్స్ ఏజెంట్ విజేందర్ ఫోన్ చేశాడు. "పరమేశన్నా, పసుపు బండి పాలసీ అయిపోవస్తాంది. మీటరు ఫొటో నీతోని తెప్పించుకొమ్మన్నడు సార్. జర పంపు."

పరమేశ్వర్ ఏమీ ఆలోచించకుండా ఫొటో తీసి పంపాడు. నిమిషం గడవకముందే మళ్లీ ఫోన్.

"అన్నా, వేరే బండి ఫొటో పంపినవా?"

"లేదు, అదే. ఎందుకు?"

విజేందర్ గొంతు తగ్గించాడు. "సార్ ఈ బండి షెడ్డులనే ఉంటదని కిలోమీటర్ల పాలసీ తీసుకున్నడు. ఏడాదికి రెండువేల ఐదొందల కిలోమీటర్లే. అంతకన్న తిరగదని కట్టేది తక్కువ. నువ్వు ఐదువేలు దాటిచ్చినవ్ గదనే!"

"దాటితే ఏమైతది?"

"ఏమన్న గుద్దితే ఎదుటోళ్లకు ఇచ్చేది ఇస్తరు. మన బండికి మాత్రం రూపాయి రాదు. దాటకముందే అయితే ఇంకిన్ని కిలోమీటర్లు కొనుక్కోవచ్చు. దాటినంక కంపెనీవాళ్లు మళ్ల బండి చూడాలె, సార్ సంతకం పెట్టాలె. ఈ ఫొటో రేపటిదాక నా కాడ్నే పెట్టుకుంట. ఈలోపల నువ్వే సార్‌కు చెప్పు అన్నా."

ఫోన్ పెట్టేశాక పరమేశ్వర్‌కు అరికాళ్లు చల్లబడ్డాయి. ఇన్ని రోజులు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రద్దీలో తోలింది ఇదే బండి. ఒక్క తలుపుకు గీత పడితే తన ఏడాది జీతం చాలదు. ముందు జరగనిదంతా ఇప్పుడు ఒక్కొక్కటిగా జరుగుతున్నట్టు కళ్లముందు కదిలింది. మీటరు వెనక్కి తిప్పేవాళ్లు ఉంటారని ఎక్కడో విన్నాడు. ఊళ్లో మెకానిక్ షెడ్డు దాకా నడిచాడు కూడా. తీరా అక్కడికి పోయాక ఆ మాట నోట్లోంచి రాలేదు. స్పానరు పట్టుకున్న మనిషి తలెత్తి చూస్తే, దొంగతనం చేస్తూ దొరికినట్టై వెనుదిరిగాడు.

సాయంత్రం సార్ ఫోన్ వచ్చింది.

"పరమేశ్, రేపు పొద్దున పసుపు బండి పాలమూరు తీసుకరా. వెంచర్ ఓపెనింగ్ ఉంది. గేటు కాడ్నే పెడ్దాం, వచ్చేటోళ్లకు కనవడాలె."

"సార్..."

"ఏంది?"

ఇప్పుడే చెప్పాలి. "ఏం లేదు సార్. ఎన్ని గంటలకు రావాలె?"

అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. మల్లమ్మ అతని మొహం చూసి, "ఏమైందిరా?" అంది. "ఏం లేదక్కా, పొద్దున్నే దూరం పోవాలె" అన్నాడు.

తెల్లారి అతను బండి తీసిన తీరు, నెత్తి మీద నిండు నీళ్ల కుండ పెట్టుకుని నడిచినట్టుంది. గుంత కనిపిస్తే గుండె ముందు ఆగేది, బ్రేకు తర్వాత పడేది. అవుటర్ రింగు రోడ్డెక్కాక ఇనుప చువ్వల ట్రాలీ ఒకటి పక్కకు వచ్చింది. చువ్వల కొనలు అద్దానికి మూరెడు దూరంలో ఊగాయి. అతను వేగం తగ్గిస్తే ట్రాలీ కూడా తగ్గించింది. ముందుకు పోదామంటే కాలు యాక్సిలరేటర్ మీద నిలవలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. షాద్‌నగర్ దగ్గర టీ తాగుదామని ఆపితే జనం మూగారు. ఎవరో బండికి ఆనుకుని ఫొటో దిగబోతే, బెల్టు బకిల్ గీసుకుపోతుందని అతను పిచ్చివాడిలా కేకపెట్టాడు. టీ తాగకుండానే కదిలాడు.

షాద్‌నగర్ అవతలి బాలానగర్ దాటాక మోటారుసైకిల్ మీద ఇద్దరు పోరగాళ్లు వెంటపడ్డారు. వెనక కూర్చున్నవాడు సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. "తొక్కన్నా, తొక్కు!" అని అరిచారు. పరమేశ్వర్ చేత్తో పొమ్మని సైగ చేశాడు. వాళ్లు బండి మొహం తీద్దామని ఒక్కసారిగా ముందుకు దూరి అడ్డం తిరిగారు.

బ్రేకు తొక్కాడు. వెనక లారీ హారన్ చెవుల్ని చీల్చింది. అద్దంలో లారీ మొహం తప్ప ఇంకేం కనిపించలేదు. స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. బండి తారు దిగి, మట్టిలో జారి, కింద ఏదో రాయికి కొట్టుకుని ఆగింది. లారీ గాలి బండిని ఊపి దాటిపోయింది. మోటారుసైకిల్ ఎప్పుడో మాయమైంది.

బతికే ఉన్నానని అతనికి ముందు తోచలేదు. ఆ 'టక్'మన్న చప్పుడే చెవుల్లో తిరిగింది. తలుపు తీసి దిగాడు. పాకినట్టే ముందుకు పోయి చూశాడు. ముందు బంపరు కింది అంచు పగిలి, ఒక ముక్క వేలాడుతోంది. ఆ ముక్కను అరచేత్తో పైకి పట్టుకుని, అది అతుక్కుంటుందేమో అన్నట్టు అట్లాగే కూర్చున్నాడు.

ఎవరైనా ఫొటో తీసి సార్‌కు పంపకముందే తనే చెప్పాలనుకున్నాడు. నంబరు రెండుసార్లు తప్పింది.

"సార్, బండికి దెబ్బ తాకింది."

"నీకేమన్న అయిందా?"

"లేదు సార్. ఇంకోటుంది సార్... పాలసీల కిలోమీటర్లు ఎప్పుడో దాటినయి. మీకు చెప్పలే. మా అక్కను దవాఖానకు తీస్కపోయిన సార్, ఈ బండిలనే. ఒక్కసారి గాదు. వారానికి రెండుసార్లు, నెలల సంది."

"కదిలియ్యకు. వస్తున్న" అని సార్ ఫోన్ పెట్టేశాడు.

ఆ ఎదురుచూపు మిగతా అన్నిటికన్నా ఘోరంగా గడిచింది. పోలీసులకు చెబుతాడా, కొడతాడా, జీతం ఆపుతాడా? రేపు అక్క డయాలసిస్ ఎట్లా? ఎండలో నిలబడి, దగ్గరికొచ్చే ప్రతి తెల్లకారునూ చూసి ఉలిక్కిపడ్డాడు.

కమలాకర్ కొత్త ఖద్దరు చొక్కాలో, నుదుట బొట్టుతో దిగాడు. ఒంగి బంపరు చూశాడు. లోపలికి తలపెట్టి మీటరు చూశాడు.

"అడగాలె గద పరమేశ్."

పరమేశ్వర్ వేలాడుతున్న బంపరు ముక్కను మళ్లీ పైకి అదిమాడు.

"అడిగితే ఇద్దునా?" కమలాకర్ తనకు తానే అనుకున్నట్టు అన్నాడు. "ఇయ్యకపోదును. నీకది తెల్సు." చెయ్యి చాపాడు. "తాళం."

తాళం ఇచ్చేటప్పుడు పరమేశ్వర్ ఏడ్చేశాడు. కమలాకర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. బండిని తీసుకుపోయే లారీ వచ్చాక, "బాగు చేపిచ్చుకునుడు నా తిప్పలు. నెల నిండినంక ఇల్లు ఖాళీ చెయ్యి" అని మాత్రం అన్నాడు. పసుపు కారు లారీ మీదెక్కి పాలమూరు దిక్కు పోయింది. పరమేశ్వర్ రోడ్డు దాటి, వచ్చిన దారినే బస్సెక్కాడు.

ఇంటికొచ్చి చెబితే మల్లమ్మ మొదట నమ్మలేదు. అంతా విన్నాక చెంప మీద ఒక్కటి ఇచ్చింది. ఆ వెంటనే అతని చేతులు, భుజాలు, తల తడిమి చూసింది. "లారీ ఎంత దగ్గరికొచ్చిందిరా?" అని అడిగింది. "నేనింక దవాఖానకు రాను" అని గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారేదాకా ఆమెను బతిమాలవలసి వచ్చింది.

ఆ రోజు బస్సులోనే పోయారు. పరమేశ్వర్ అక్క సీటుకు అడ్డంగా రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు, ఆమె కట్టు మీదికి ఎవరూ ఒరగకుండా. ఊపిరి బిగబట్టే ఆ ప్రయాణాలు వర్షాకాలం దాకా సాగాయి. తర్వాత దగ్గర దవాఖానలో బెడ్డు దొరికింది.

ఇప్పుడతను ఒక మందుల ఫ్యాక్టరీకి షిఫ్టు బస్సు తోలుతున్నాడు. చౌటుప్పల్‌లోనే ఒక గది కిరాయికి తీసుకున్నారు. వెనక నుంచి లారీ హారన్ వినబడితే ఇప్పటికీ కాళ్లు చల్లబడతాయని, బస్సు ఒకపక్క ఆపి రెండు గుక్కల నీళ్లు తాగితే గానీ చేతులు కుదురుకోవని అతనంటాడు. ఎక్కినవాళ్లు విసుక్కుంటారు. అతను నీళ్ల సీసా మూత బిగించి, అద్దాలు రెండూ చూసుకుని, మెల్లగా రోడ్డు మీదికి వస్తాడు.