రానియ్యని అర్ర

ఐలేశం దోమలు పడతాడు. సర్కారు కొలువే, నవ్వకండి. గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకుని, టార్చి వెలుతురులో గోడ మీద వాలిన దోమను మెల్లగా లోపలికి పీలుస్తాడు. అది గొంతులోకి పోకుండా మధ్యలో పలచటి వల గుడ్డ అడ్డం ఉంటుంది. నందికొండ చుట్టుపక్కల పిల్లలు "దోమల ఐలేశం" అని పిలిస్తే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

ఆయన తెచ్చిన దోమల కడుపులు కోసేది నేను, ల్యాబు నాగరాణిని. మా దగ్గర ఒక జాతి దోమల్లో అక్కచెల్లెళ్లున్నాయి. రెక్కలు, కాళ్లు, మచ్చలు అన్నీ ఒకటే. ఒకటి పశువుల నెత్తురుతో సరిపెట్టుకుంటుంది. రెండోది మనిషిని వెతుక్కుంటూ వచ్చి మలేరియా అంటిస్తుంది. తేడా తెలియాలంటే గుడ్లు సగం తయారైన ఆడదోమను కోసి, దాని క్రోమోజోముల మీది చారలను మైక్రోస్కోపులో చదవాలి. ఒకచోట చారల వరుస తలకిందులైతే ఒక రకం, కాకపోతే ఇంకో రకం. నా కన్ను తప్పు చదవదని నాకు మహా గర్వంగా ఉండేది.

రెండువేల పదిహేడు వానాకాలం. ఐలేశం అక్క భద్రమ్మ ఉండే ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. మనిషిని కుట్టే రకం దొరికితేనే ఇళ్లలో మందు కొట్టిస్తామన్నారు పైవాళ్లు. ఐలేశం మూడు రోజులు తిరిగి నలభై దోమలు తెచ్చాడు. అన్నీ పశువుల రకమే.

"ఇండ్లన్నీ చూసినవా అన్నా?" అని అడిగాను.

"చూసిన చెల్లె. మా అక్కింట్ల ఒక్క అర్ర తప్ప. అక్క బిడ్డ సింధూజ బాలింత గద. మొగోణ్ని, పురుటింట్లకెట్ల పోత?"

నిజమే అనుకున్నాను. మా ఇంట్లోనూ అంతే. మందు అక్కర్లేదని రాసి సంతకం పెట్టాను.

ఆ అర్రకు కిటికీ మూసి, సందులకు గుడ్డలు కుక్కారు, పచ్చి బాలింతకు గాలి సోకకూడదని. కాన్పైన పదమూడో రోజు సింధూజకు వణుకుడు పట్టుకుంది. చలిగాలి తగిలిందని భద్రమ్మ ఇంకో దుప్పటి కప్పింది. రోజు విడిచి రోజు జ్వరం. దవాఖానకు తీసుకుపోయేసరికి మనిషికి తెలివి లేదు. నెత్తురు పరీక్షలో మలేరియా తేలింది. తెల్లారి చనిపోయింది. చంటిదానికి అప్పటికి ఇంకా పేరు పెట్టలేదు.

కర్మలైన మర్నాడు ఐలేశం గొట్టం పట్టుకుని ఆ అర్రలోకి వెళ్లాడు. గోడ మీద తొమ్మిది దొరికాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసే కోశాను. ఐదు మనిషి రకం. లేచి ఆయన్ను నా స్టూలు మీద కూర్చోబెట్టి, మైక్రోస్కోపులో చూడమన్నాను.

చాలాసేపు చూశాడు. "గిదేనా చెల్లె?"

"అదే అన్నా."

"ఎంత సన్నగున్నది," అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ వారమే ఊరంతా మందు కొట్టారు. నా సంతకం ఉన్న కాగితం ఫైల్లో ఇంకా ఉంది, నేను మళ్లీ తీసి చూడలేదు.

ఇప్పుడు పిల్లలు పిలిచినా ఐలేశం నవ్వడు. ఏ ఇంటికి వెళ్లినా గడపలో నిలబడి ముందు ఒకటే అడుగుతాడు: "రానియ్యని అర్ర ఏది?" ఊళ్లవాళ్లు వింతగా చూస్తారు, కొందరు తలుపేస్తారు. మొన్న ఆయన వెంట నేనూ వెళ్లాను. ఒక ముసలమ్మ చేతులు అడ్డం పెట్టి కసిరింది.

"గా అర్రల మా కోడలు బాలింతున్నది. మొగోనివి, సిగ్గు లేదా?"

"లేదవ్వా," అన్నాడు ఐలేశం, గడప బయట చెప్పులు విడుస్తూ. "ఉన్ననాడు మా అక్క బిడ్డ పోయింది."