తండాలో చిటికెడు ఉప్పు

లక్ష్మీనర్సయ్య డాక్టరుకు ఉన్నది ఒకటే పిచ్చి. కనబడ్డ మనిషి చేత చెంబెడు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేయించి తాగి చూడాలి. మిర్యాలగూడలో ఆయనకు గది కిరాయికిచ్చిన పిచ్చమ్మ మొదటిరోజు మర్యాదకు మంచినీళ్ళు తెస్తే, "ఇందులో చిటికెడు ఉప్పేయండమ్మా" అన్నాడు. వేసింది. తాగి, ఆముదం మింగినట్టు మొహం పెట్టాడు.

"మీ ఇంట్ల ఉప్పుకు కరువా సారూ?"

"ఇది నా ఉద్యోగమమ్మా. ఖర్చు సర్కారుది."

"సర్కారు ఉప్పు తినేటోళ్ళను మస్తుమందిని సూసిన. నీళ్ళల్ల కలుపుకొని తాగేటోళ్ళను మిమ్ములనే సూస్తున్న."

అది ఎనభై ఏడో సంవత్సరం. వాంతులు, విరేచనాలతో పసిపిల్లలు రాలిపోతున్నారు. ఇంట్లో కలిపే ఉప్పు చక్కెర నీళ్ళకు ఏ కొలత చెబితే తల్లులు పొరపాటు పడరో తేల్చుకు రమ్మని సర్కారు డబ్బిచ్చి ఈయన్ని పంపింది. అప్పటికే ఊరూరా పంచిన కాగితంలో మాత్రం "చెంబెడు నీళ్ళు, గుప్పెడు చక్కెర, చిటికెడు ఉప్పు" అనే ఉంది.

ఆ చిటికెడు కోసం ఆయన వెళ్ళని చోటు లేదు. కోదాడ బస్సులో పక్క సీటు ముసలమ్మను ఉప్పడిగితే, ఆమె మూట సర్దుకుని వెనక సీటుకు వెళ్ళిపోయింది. సూర్యాపేటలో పెళ్ళిచూపులకు పిలిస్తే పిల్ల పేరు అడగకుండా ఉప్పు వేయమన్నాడు. పిల్ల వేసింది. ఈయన దగ్గాడు. సంబంధం అక్కడే ఖతం.

పాలకీడు దగ్గరి తండాకైతే మరీ తరచుగా పోయేవాడు. ఆడవాళ్ళ వంటింట్లోకి ఒంటరిగా పోతే బాగుండదని పిచ్చమ్మను వెంటబెట్టుకునేవాడు. ఆ తండాలో జమ్లీ అనే పిల్ల, కాగితం చెప్పినట్టే నీళ్ళు కలిపి ఏడాది నిండని కొడుక్కి తాగించింది. ఉప్పెక్కువై వాడికి ఫిట్సొచ్చాయి. దవాఖానలో ఎలాగో బతికాడు. అత్త సుక్కి మాత్రం, కన్నబిడ్డకు ఉప్పు పోసి చంపబోయిందని జమ్లీని పుట్టింటికి వెళ్ళగొట్టి, పిల్లవాణ్ణి తన దగ్గరే ఉంచుకుంది. జమ్లీ మొగుడు సక్రు తల్లి ముందు నోరెత్తే రకం కాదు. పై ఆఫీసువాళ్ళు కూడా "తల్లి అజాగ్రత్త" అని రాసి చేతులు దులుపుకున్నారు.

ఇంత ఘోరం జరిగిన తండాలో ఈయన ఇల్లిల్లూ తిరిగి ఉప్పడుగుతుంటే పిచ్చమ్మకు ఒళ్ళు మండేది.

"పాలు తాగే పోరన్ని తల్లికి దూరం జేసిన్రు. దాని ముచ్చట తీయరు, ఉప్పు ముచ్చట తీస్తరు. మీకు మనసన్నదుందా సారు?"

"ముందు ఉప్పు తేలనివ్వండమ్మా" అనేవాడు, అంతే.

చివరికి ఒకనాడు సుక్కి గుమ్మం ముందు కూర్చున్నాడు. తమాషా చూద్దామని తండా ఆడవాళ్ళంతా చేరారు. సుక్కి చంకలో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"మనవడికి విరేచనాలైనాయనుకోండి. మందునీళ్ళు మీరు ఎలా కలుపుతారో చూపండి" అన్నాడు.

సుక్కి ఠీవిగా దొడ్డుప్పు కుండలో చెయ్యిపెట్టి, ఐదు వేళ్ళకూ పట్టినంత తీసి చెంబులో వేసింది. డాక్టరు ఒక్క గుక్క తాగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"కూరల గూడ గింతుప్పేస్తవా సుక్కీ?" అన్నది పిచ్చమ్మ.

"కూరకెందుకేస్త? రెండు వేళ్ళతోటే ఏస్త. ఇది మందాయె. మనుమనికి మందు తక్కువేస్తరా ఎవరన్న? నేనేమన్న పిసినారిదాన్నా?"

నవ్వులు ఆగిపోయాయి. సుక్కి తన వేళ్ళకంటిన ఉప్పు వైపే చూస్తూ ఉండిపోయింది.

"జమ్లీ కూడా అలాగే అనుకుంది సుక్కమ్మా" అన్నాడు డాక్టరు మెల్లగా. "ఈ తండాలో ఏ తల్లీ బిడ్డ మందుకు చెయ్యి బిగబట్టలేదు. తప్పు కాగితంలో 'చిటికెడు' అని రాసిన మాది. చెంచా కొలత పెట్టమని, తాగించేముందు తల్లే రుచి చూడాలని, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయాలని రాయిస్తాను. ఆ పిల్ల మీద రాసిన మాట కొట్టేయిస్తాను. అందుకే ఇన్నాళ్ళూ తాగుతున్నాను."

పిచ్చమ్మ ఆయన చేతిలోని చెంబు తీసుకుని ఆ ఉప్పునీళ్ళు పారబోసింది.

సుక్కి చెయ్యి కడుక్కుంది. కొడుకును పిలిచింది.

"సక్రూ, పో. నీ పెండ్లాన్ని తోలుకరా."

"ఏమని సెప్పాలె?"

"ఉప్పు నేను గూడ ఎక్కువేసిన్నని సెప్పు." సుక్కి చుట్టూ ఉన్న ఆడవాళ్ళను చూసింది. "గంత సెప్పకు. పోరడు ఏడుస్తుండని సెప్పు, సాలు."