దొరసామి కొట్టేసిన గుడ్డ

సాకమ్మ పామునైనా నమ్ముతుంది గానీ టైలర్‌ను నమ్మదు. తమిళనాట ధర్మపురిలో సత్యప్రియ టీచర్ నడిపే డాన్సు క్లాసులో దుస్తుల పెత్తనం ఆమెదే. టైలర్ దొరసామి గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెరకు జానెడు దూరంలో కూర్చుంటుంది. రాలిన పీలికలన్నీ ఏరి కొంగున కట్టుకుంటుంది. అతని టేపు మీద కూడా అనుమానమే.

“నీ టేపు వానకు కుంచించుకొని పోయింది. నాది పట్టుకో.”

“రెండూ ఒకే అంగట్లో కొన్నవే కదక్కా.”

“అంగడివాడూ నీకు చుట్టమే.”

ఈసారి ప్రోగ్రాం పక్కనున్న పాపారపట్టిలో. పన్నెండేళ్ల మోనిషాకు మొదటిసారి ముందు వరుస దక్కింది. రిహార్సల్లో నిరుడు కుట్టిన పట్టు దుస్తులు వేసుకుంది. మోకాళ్లు విప్పి సగం కూర్చోగానే ముందు కుచ్చెళ్లు విసనకర్రలా విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. పిల్ల ఊపిరి బిగబట్టి, కర్రబొమ్మలా రెండడుగులు వేసింది. మూడో అడుగుకు నడుము దగ్గర పర్రుమంది.

“దీన్ని వెనకాల దీపం పట్టుకొని నిలబెట్టండి టీచర్. కదిలే పని ఉండదు,” అంది తోటి పిల్ల వెన్నిల, ఫోన్‌లో వీడియో తీస్తూనే. పిల్లలంతా నవ్వారు. మోనిషా గజ్జెలు విప్పేసింది.

“నేను ఆడను టీచర్.”

సాకమ్మ లేచింది. “ఎవురే నగినది? బిడ్డేం చేసింది? ఆ దొరసామి గుడ్డ కొట్టేసినాడు. నాకు నిరుడే అనుమానం.”

నవ్వులన్నీ దొరసామి మీదికి మళ్లాయి.

సాకమ్మ మోనిషాను వెంటబెట్టుకుని దొరసామి అంగడికి వెళ్లి, బజారంతా వినేలా తిట్టింది. “నాలుగు వేళ్ల గుడ్డ ఏం చేసినావురా? పెండ్లానికి రవిక కుట్టినావా?”

“తప్పయిపోయిందక్కా,” అని దొరసామి తల వంచుకున్నాడు. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

పక్కంగట్లో టీలో నీళ్లెన్నో తేల్చడానికి ఆమె అటు వెళ్లగానే కుట్టు విప్పాడు. లోపల రెండు పక్కలా నాలుగేసి వేళ్ల గుడ్డ భద్రంగా మడిచి ఉంది.

“మామా, నువ్వు కొట్టేయలేదే.”

“మెల్లగా పాపా. మడిచి పెట్టమనింది ఆమెనే. మీ అందరి బట్టల్లోనూ ఉంది. ‘ఎదిగే బిడ్డలు. బిగుతయితే నిన్ను తిడతాను, పడు’ అనింది.”

“ఊరికే పడతావా?”

“ఊరికేనా? తిట్టినప్పుడల్లా ఒక బుట్ట మామిడికాయలు పంపిస్తాది. బుట్టకు చిల్లు పెట్టినానని మళ్లా తిడతాది.”

పాపారపట్టిలో కుచ్చెళ్లు నిండుగా విచ్చుకున్నాయి. మోనిషా ఒంటి మీద బట్టల సంగతే మరిచి ఆడింది. స్టేజీ దిగిరాగానే సాకమ్మ పట్టుకుంది.

“ఆ దొంగ నీకేమన్నా చెప్పినాడా?”

“దొంగ ఏం చెప్తాడవ్వా?”

మరుసటేడు వెన్నిల జాకెట్టుకు హుక్కులు పడలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని ఆ పిల్ల గోడవైపు తిరిగింది. సాకమ్మ నోరు తెరిచేలోపే మోనిషా అందుకుంది.

“దొరసామి మామ మళ్లా కొట్టేసినాడు.”

సాకమ్మ మోనిషాను పైనుంచి కిందికి అనుమానంగా చూసింది.

“పద,” అంది. “ఈసారి సగం తిట్లు నీవి.”